బరంపురంలో బైండు చందమామలు

పాత చందమామలు సేకరించేవారు ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది: విడి సంచికలా, బైండు చేసినవా? విడి సంచికకు మంచి ధర పలుకుతుంది, బైండుకు తగ్గుతుంది. విదేశాలలో కామిక్ పుస్తకాలు సేకరించేవారు కూడా సాధారణంగా ఇదే లెక్క పాటిస్తారు. ఈ లెక్కకు కారణాలేమిటో, బరంపురంలో దొరికే సంపుటాలకు ఇది ఎంతవరకు సరిపోతుందో ఇక్కడ పరిశీలిస్తాము.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు బరంపురంతో పాటు గంజాం జిల్లాలో అధికభాగం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయింది. శ్రీకాకుళం ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. ఆ తరువాత పదకొండేళ్లకు, 1947 జూలైలో, బి. నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి చందమామ ప్రారంభించారు. అంటే చందమామ పుట్టేనాటికే బరంపురం తెలుగువారు వేరే రాష్ట్రంలో ఉన్నారు. బడిలో ఒడియా చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు తెలుగు అక్షరం మరుపు రాకుండా చూసిన వాటిలో ఇటువంటి పత్రికలు ముఖ్యమైనవి. అటువంటి ఇంట్లో సంచికను చదివి పారవేయరు. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కావాలి కనుక బైండు చేయిస్తారు.

బైండింగు పద్ధతిని విద్యార్థులు గమనించాలి. ముందు పిన్నులు తీస్తారు. ఆరు లేక పన్నెండు సంచికలను వరుసగా పేర్చి పక్కకుట్టు వేస్తారు. మూడు వైపులా అంచులు కోస్తారు. మైలుతుత్తం కలిపిన మైదా జిగురుతో, పురుగు పట్టకుండా, దళసరి అట్ట అతికి వీపుకు కాలికో గుడ్డ వేస్తారు. ఈ పనిలో కొంత నష్టం తప్పదు. కుట్టు లోపలి అంచును మింగుతుంది. కోతలో బొమ్మ చివర పోవచ్చు. చాలామంది ముఖచిత్రాలనూ ప్రకటనల పేజీలనూ తీసివేయించారు. మరికొందరు దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ మొదలుకొని రాసిన సీరియళ్లను మాత్రమే సంచికల నుంచి విడదీసి, ఒక్కొక్కటి ఒక్కో పుస్తకంగా కుట్టించుకున్నారు. కథ నిలిచింది, సంచిక పోయింది.

సేకర్తలు ధర తగ్గించడం అందువల్లనే. ఆ నష్టం చిన్నది కాదు. వడ్డాది పాపయ్య చిత్రకళలో గణనీయమైన భాగం చందమామ అట్టల మీదనే ఉంది. ఆయన 1921లో శ్రీకాకుళంలో జన్మించారు. అప్పటికి అది గంజాం జిల్లాలోని ఊరే. గంజాం బిడ్డ వేసిన బొమ్మలను గంజాం ఇళ్లలోనే బైండు కోసం చింపి పారవేశారంటే విచారించక తప్పదు. ఫోటో వ్యాఖ్యల పోటీలో గెలిచినవారి పేర్లు, ఊర్లు కూడా సంచికలో అచ్చయ్యేవి. ఆంధ్రదేశానికి వెలుపల తెలుగు ఎక్కడెక్కడ చదివారో చెప్పే ఆధారాలలో అదొకటి. ఆ పేజీ లేని సంపుటం చరిత్రకారుడికి సగమే ఉపయోగపడుతుంది.

అయినా బైండును తక్కువ చేయరాదు. సముద్రపు తేమ ఉన్న ఊళ్లో విడి సంచిక చేతులు మారి, నలిగి, చివరకు చిత్తుకాగితాలలో కలుస్తుంది. వరుస తప్పని పన్నెండు నెలలు ఒకచోట దొరికేది బైండులోనే. బరంపురానికి ప్రత్యేకమైన విలువ మరొకటి ఉంది. 1956 నుంచి చందమామ ఒడియాలో ‘జహ్నమాము’ పేరుతో వెలువడింది. బొమ్మలు అవే, లిపి వేరు. 1952 నుంచి 1980లో మరణించేవరకు కొడవటిగంటి కుటుంబరావు తీర్చిదిద్దిన తేట తెలుగు వచనమే ఇతర భాషల కూర్పులకు ఆధారం. ఒకే కథ గల తెలుగు, ఒడియా సంపుటాలను పక్కపక్కన పెట్టి చూస్తే బంధువాచకాలు, ధ్వన్యనుకరణ పదాలు, గౌరవార్థక క్రియారూపాలు ఏ భాషలో ఎలా మారాయో వాక్యం వాక్యంగా పోల్చవచ్చు. రెండు భాషలూ ఇంటి భాషలుగా ఉన్న ఊరు ఈ పనికి తగిన చోటు. విడి సంచికల ధరల పట్టికలో ఈ జంటకు గడి లేదు.

కనుక సంపుటం చేతికి వచ్చినప్పుడు ధరకన్నా ముందు నాలుగు సంగతులు రాసుకోవాలని మా సూచన: అట్టలు ఉన్నాయా, ప్రకటనలు ఉన్నాయా, ఏ నెలలు లోపించాయి, లోపలి పుటలో ఎవరి పేరు, ఏ ఊరు రాసి ఉంది. మళ్లీ బైండు చేయించరాదు. రెండోసారి కోతకు మొదటిసారి మిగిలిన అంచు కూడా పోతుంది. విడదీసి అమ్మరాదు. స్కాన్ చేసినా అసలును దాచాలి; కుట్టులో మునిగిన అక్షరం స్కానులో కనబడదు, కుట్టు విప్పగలిగితే కనబడుతుంది.

ముద్రిత చందమామ ఇప్పుడు రావడం లేదు. ఉన్న సంపుటాలే మనకు మిగిలినవి. బరంపురంలో బంధువులున్న విద్యార్థులు ఈ సెలవులలో అటకలు వెదకాలి. పాత ఇల్లు ఖాళీ చేసేవారు వాటిని తూకానికి వేసే లోపల ఆ నాలుగు సంగతులైనా రాసి పంపితే, ఏ సంపుటం ఏ ఇంట ఉందో తెలిపే జాబితా ఒకటి మొదలవుతుంది.