బాలశ్రీ చెప్పినదాంట్లో నిజమెంత?

నాసిక్ దగ్గరి త్రిరశ్మి కొండను ఇప్పుడు పాండవలేణి అంటున్నారు. అక్కడి మూడో గుహను శాతవాహన రాజమాత గౌతమీ బాలశ్రీ బౌద్ధ భిక్షువులకు దానమిచ్చింది. మనవడు వాసిష్ఠీపుత్ర పులుమావి ఏలుబడి 19వ ఏట వేయించిన ఆ దానశాసనంలో దానం సంగతి కొంచెం, కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణి ప్రతాపం కొండంత. అతని గుర్రాలు మూడు సముద్రాల నీళ్లు తాగాయట. శకులను, యవనులను, పహ్లవులను మట్టుబెట్టాడట. క్షహరాత వంశాన్ని ఆనవాలు లేకుండా చేసి శాతవాహన కులకీర్తిని మళ్లీ నిలబెట్టాడట. పోయిన కొడుకును గురించి తల్లి చెక్కించిన ఈ మాటలను చరిత్రకు ఆధారంగా తీసుకోవచ్చా? ప్రశస్తి అంటేనే అతిశయోక్తి అని కొట్టిపారేసేవాళ్లున్నారు. అక్షరం పొల్లుపోకుండా నమ్మి మూడు సముద్రాల నడుమ నేలంతా అతనికి రాసిచ్చేసేవాళ్లూ ఉన్నారు. శాసనాన్ని పక్కనున్న ఇతర ఆధారాలతో కలిపి చదివితే ఈ రెండు వాదాలూ నిలవవు. బాలశ్రీ చెప్పిన గెలుపులు చాలావరకు జరిగినవే. అయితే అవి ఎప్పుడు జరిగాయో, ఎంతకాలం నిలిచాయో ఆమె చెప్పలేదు. కొద్ది ఏళ్ల వైభవాన్ని కొడుకు రాజ్యకాలం మొత్తానికీ పరిచేసింది.

క్షహరాతుల ఓటమికి మొదటి సాక్ష్యం 1906లో నాసిక్ ప్రాంతంలోని జోగల్‌తంబిలో బయటపడ్డ వెండి నాణేల రాశి. 13,000 పైచిలుకు నాణేలు. అన్నీ క్షహరాత రాజు నహపాణుడు వేయించినవే. వాటిలో 9,000కు పైగా నాణేల మీద గౌతమీపుత్రుడు తన ముద్ర మళ్లీ కొట్టించాడు. కమానులు పేర్చినట్టుండే కొండ గుర్తు, ఉజ్జయిని గుర్తు పైన పడ్డాయి, అడుగున నహపాణుడి ముఖం ఛాయగా మిగిలింది. దీన్ని యుద్ధ విజయమని ఎందుకనుకోవాలి, వెండి ఎవరిదైనా వెండే కదా, కరిగించి కొత్తగా పోతపోసే ఖర్చు తప్పించుకోవడానికి పాతదాని మీదే ముద్ర వేసి ఉండొచ్చు కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ముద్ర పడని నాణేలు కూడా అదే రాశిలో వేలల్లో ఉన్నాయంటే పాత నాణెం చెల్లుబాటు ఒక్కరోజులో ఆగిపోలేదనే అర్థం. నాణేలొక్కటే ఆధారమైతే ఈ వాదన అక్కడే చిక్కుకుపోయేది.

చిక్కు విప్పే ఆధారం అదే మూడో గుహ వరండాలో ఉంది. గౌతమీపుత్రుడు తన 18వ రాజ్యసంవత్సరంలో సేనల శిబిరం నుంచి గోవర్ధనంలోని అమాత్యుడు విష్ణుపాలితుడికి పంపిన ఆజ్ఞ అది. పడమటి కఖడి గ్రామంలో అప్పటిదాకా ఉషభదాతుడు అనుభవిస్తున్న 200 నివర్తనాల పొలాన్ని ఆ కొండ మీది భిక్షువులకు ఇచ్చేశాడు. ఈ ఉషభదాతుడే నహపాణుడి అల్లుడు ఉషవదాతుడని పండితుల నిర్ణయం. అదే కొండ మీద పదో గుహ అతని దానమే. ఒక రాజు అల్లుడి పొలాన్ని మరో రాజు దండువిడిది నుంచి పంచిపెడుతున్నాడంటే ఇక ప్రశస్తి అక్కర్లేదు. పొగడ్తలేమీ లేని రెవెన్యూ ఉత్తర్వులాంటి ఈ శాసనమే నా దృష్టిలో బాలశ్రీ మాటకు పెద్ద బలం. దాని కిందే 24వ సంవత్సరపు ఆజ్ఞ మరొకటి ఉంది. కఖడిలో ఇచ్చిన పొలం సాగుకు రావడం లేదు, ఊళ్లో జనం లేరు, కాబట్టి నగరం పొలిమేరలోని రాజభూమి నుంచి 100 నివర్తనాలు ఇవ్వమంటుంది. ఊరు ఎందుకు ఖాళీ అయిందో రాయలేదు గానీ, గెలిచిన ఆరేళ్లకు కూడా ఆ నేల కుదుటపడలేదన్నది స్పష్టం. విజయగీతంలో ఈ ముక్కకు చోటు లేదు. గౌతమీపుత్రుడికి మనకు దొరికిన చివరి రాజ్యసంవత్సరం కూడా ఈ 24వదే.

అసలైన అభ్యంతరం గిర్నార్ నుంచి వస్తుంది. ఆ కొండ దగ్గరి, సామాన్య శకం 150 నాటి జునాగఢ్ శాసనంలో శక మహాక్షత్రపుడు రుద్రదాముడు దక్షిణాపథపతి శాతకర్ణిని రెండుసార్లు ఓడించానని చెప్పుకున్నాడు. తన దేశాలుగా అతను ఏకరువు పెట్టిన ఆకరావంతి, అనూప, సురాష్ట్ర, కుకుర, అపరాంతాలు బాలశ్రీ తన కొడుకు ఏలాడన్న జాబితాలోనూ ఉన్నాయి. అయితే ఆమె బొంకిందా? అవసరం లేదు. ఒకే నేల ముందు ఒకరి చేతిలో, తర్వాత ఇంకొకరి చేతిలో ఉండొచ్చు. కుకుర, అపరాంతాల మీద గెలుపు ఒక తరం కూడా గట్టిగా నిలవలేదన్నదే రెండు జాబితాలనూ ఎదురెదురుగా పెడితే తేలే విషయం. పైగా రుద్రదాముడిదీ ప్రశస్తే. దగ్గరి చుట్టరికం వల్ల శాతకర్ణిని నాశనం చేయకుండా వదిలేశానని అతనే అంటాడు. కన్హేరి గుహల శాసనంలో వాసిష్ఠీపుత్ర శాతకర్ణి రాణి రుద్రదాముడి వంశమైన కార్దమక వంశపు ఆడపడుచుగా, ఒక మహాక్షత్రపుడి కూతురుగా కనిపిస్తుంది కాబట్టి ఆ చుట్టరికం కట్టుకథ కాదు. మట్టుబెట్టామన్న శకుల ఇంటినుంచే శాతవాహనులు పిల్లను తెచ్చుకున్నారు.

తెలుగువాళ్లు గమనించాల్సింది ఇంకొకటుంది. అసిక, అశ్మక, ములక, విదర్భలను కూడా పేర్కొన్న బాలశ్రీ దేశాల జాబితాలో ఆంధ్ర పేరు లేదు. కొండల వరసలో తూర్పు కనుమల్లోని మహేంద్రగిరి ఉంది కదా అని కొందరు ఊరట పొందుతారు గానీ, కొండను పొగడ్తలో చేర్చడం వేరు, దేశాన్ని ఏలడం వేరు. అమరావతిలో శాతవాహనుల పేరుతో నిలిచిన తొలి శాసనం ఆమె మనవడు పులుమావి కాలానిది.