డీవీడీ ప్లేయర్ - యజమాని హక్కు : గృహ వినియోగదారుల అనుభవాల చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

1996 నవంబరులో జపాన్ విపణిలోకి వచ్చిన డీవీడీ ప్లేయర్ పదేళ్లు తిరిగేసరికి మధ్యతరగతి ఇంటి సామానులలో ఒకటిగా మారింది. ఈ యంత్రం చరిత్రను సాధారణంగా బొమ్మ నాణ్యత పెరిగిన చరిత్రగా చెబుతారు. మధ్యశ్రేణి ధర గల ప్లేయర్లను కొన్నవారి అనుభవాలను పరిశీలిస్తే మరొక కోణం కనిపిస్తుంది. డబ్బు పెట్టి కొన్న యంత్రం మీద, డిస్క్ మీద కొన్నవారికి ఎంతవరకు హక్కు ఉంది అన్న ప్రశ్న ఈ చరిత్ర అంతటా వినిపిస్తుంది. అమెరికాలోనూ, తెలుగువారి ఇళ్లలోనూ ఆ ప్రశ్న ఎలా తలెత్తిందో, చట్టం దానికి ఏ సమాధానం చెప్పిందో, నేటి సినిమా పరిశోధనకు దానితో ఉన్న సంబంధం ఏమిటో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు : డీవీడీ, వీసీడీ, రీజియన్ కోడ్, వినియోగదారుడు, కాపీరైట్, తెలుగు సినిమా, ప్రవాసం.

1. ఉపోద్ఘాతం

గృహోపకరణాల చరిత్రను రచించేటప్పుడు తయారీ సంస్థల ప్రకటనలు, పేటెంటు పత్రాలు, అమ్మకాల లెక్కలు ఆధారాలుగా నిలుస్తాయి. ఆ వస్తువును కొని, ఇంట్లో పెట్టుకొని, చెడిపోతే బాగుచేయించుకొని, చివరకు అటక ఎక్కించినవారి అనుభవం ఆధారాల జాబితాలోకి అరుదుగా వస్తుంది. డీవీడీ ప్లేయర్ విషయంలో ఈ లోటు మరింత పెద్దది. ఆ యంత్రం ఏమేమి చదవాలో, ఏమేమి చదవకూడదో నిర్ణయించినవారు ఒకరు. దానిని రోజూ వాడినవారు వేరొకరు. ఈ ఇరువురి మధ్య జరిగిన పెనుగులాటలో చివరకు ఎవరి మాట నెగ్గిందో తెలుసుకోవాలంటే వాడినవారి అనుభవాన్నే పరిశీలించవలసి ఉంటుంది.

2. సాంకేతిక నేపథ్యం

1995 డిసెంబరులో ప్రముఖ ఎలక్ట్రానిక్స్ సంస్థలు ఒకే ప్రమాణానికి అంగీకరించడంతో డీవీడీ రూపం స్థిరపడింది. సీడీ, డీవీడీల వ్యాసం ఒక్కటే, 12 సెంటీమీటర్లు. సీడీని చదవడానికి 780 నానోమీటర్ల పరారుణ కిరణాన్ని, డీవీడీని చదవడానికి 650 నానోమీటర్ల ఎర్రని కిరణాన్ని వాడతారు. తరంగదైర్ఘ్యం తగ్గడం వల్ల డిస్క్ మీద గుంటలను మరింత చిన్నవిగా, మరింత దగ్గరగా పేర్చగలిగారు. ఫలితంగా ఒక పొర గల డీవీడీలో 4.7 గిగాబైట్లు, రెండు పొరల దానిలో సుమారు 8.5 గిగాబైట్లు ఇమిడాయి.

ఈ మార్పునకు ఒక చిక్కు తోడైంది. ఇంట్లో కంప్యూటర్ మీద రాసుకొనే సీడీలలోని రంజకం 780 నానోమీటర్ల కిరణానికి అనువుగా తయారైనది. ఎర్రని కిరణాన్ని అది సరిగా ప్రతిఫలించదు. అందువల్ల తొలితరం ప్లేయర్లలో చాలావాటికి ఇంట్లో రాసుకొన్న సీడీ ఖాళీ పళ్లెంతో సమానమైంది. రెండవ కిరణాన్ని అమర్చిన నమూనాలు వచ్చిన తరువాతే ఈ లోపం తీరింది.

కొన్నవారిని కలవరపెట్టిన అనుభవాలు మరికొన్ని ఉన్నాయి. రెండు పొరల డిస్క్‌లో మొదటి పొర ముగిసి రెండవదానికి మారేటప్పుడు బొమ్మ క్షణకాలం నిలిచిపోయేది. సహజమైన ఆ విరామాన్ని కొందరు యంత్రలోపంగా భావించారు. 1999లో అమెరికాలో విడుదలైన ‘ది మ్యాట్రిక్స్’ డీవీడీ అనేక సంస్థల ప్లేయర్లలో సరిగా ఆడలేదు. లోపం డిస్క్‌దా, యంత్రానిదా అన్న చర్చ జరిగింది. కొన్ని సంస్థలు తమ యంత్రాలలోని అంతర్గత ప్రోగ్రామును మార్చి ఇవ్వవలసి వచ్చింది. ప్లేయర్ లోపల ఒక ప్రోగ్రాము ఉంటుందనీ, దానిని మార్చవచ్చుననీ సామాన్య గృహస్థునకు తెలిసివచ్చింది ఇటువంటి సందర్భాలలోనే.

3. ప్రపంచ విభజన : రీజియన్ కోడ్

ఒకే సినిమా వేర్వేరు దేశాల థియేటర్లలో వేర్వేరు తేదీలలో విడుదలయ్యేది. ఒక దేశంలో అమ్మిన డిస్క్ ఇంకొక దేశంలో ఆ సినిమా విడుదల కాకముందే చేరకుండా ఉండేందుకు, దేశాన్ని బట్టి ధరను నిర్ణయించుకొనేందుకు హాలీవుడ్ నిర్మాణ సంస్థలు రీజియన్ కోడ్‌ను కోరాయి. ప్రపంచాన్ని ఆరు ప్రాంతాలుగా విభజించారు. అమెరికా, కెనడాలు 1వ ప్రాంతం, జపాన్, పశ్చిమ యూరప్, గల్ఫ్ దేశాలు 2వ ప్రాంతం, ఆగ్నేయాసియా 3వది, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, లాటిన్ అమెరికా 4వది, భారతదేశం, రష్యా, ఆఫ్రికాలో అధికభాగం 5వది, చైనా 6వది. ఒక ప్రాంతపు డిస్క్ మరొక ప్రాంతపు ప్లేయర్‌లో ఆడదు.

ఈ పటాన్ని తెలుగువారి వలసల పటం పక్కన ఉంచి చూడటం అవసరం. 1990ల చివర సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకై అమెరికా వెళ్లినవారు 1వ ప్రాంతంలోను, ఉత్తర తెలంగాణ, రాయలసీమ, గోదావరి జిల్లాల నుండి గల్ఫ్ వెళ్లినవారు 2వ ప్రాంతంలోను, సింగపూర్, మలేసియాలలోనివారు 3వ ప్రాంతంలోను, ఆస్ట్రేలియాకు చదువులకు వెళ్లినవారు 4వ ప్రాంతంలోను, ఊరిలో ఉన్న తల్లిదండ్రులు 5వ ప్రాంతంలోను ఉన్నారు. ఒకే కుటుంబం ఐదు ప్రాంతాలలో విస్తరించి ఉండటం అసాధ్యమేమీ కాదు. విభజన చేసినవారు దేశాన్ని విపణిగా లెక్కించారు. సెలవులకు వచ్చే కొడుకు సూట్‌కేసులో ప్లేయర్, డిస్కులు కూడా వస్తాయన్నది వారి లెక్కలో లేదు.

అలా వచ్చిన యంత్రానికి రీజియన్ ఒక్కటే అడ్డంకి కాదు. అమెరికా విద్యుత్తు 120 వోల్టులు, మన విద్యుత్తు 230 వోల్టులు. అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, ఇక్కడిది పాల్. రెండు పద్ధతులను, రెండు వోల్టేజీలను తట్టుకొనే యంత్రమే ఇంటికి ఉపయోగపడేది. తెలుగు సినిమా డీవీడీలు చాలావరకు రీజియన్ నిర్బంధం లేకుండానే వెలువడ్డాయి. ప్రేక్షకులు ఎక్కడెక్కడ ఉన్నారో వాటిని అమ్మినవారికి తెలుసు. హాలీవుడ్ డిస్కులకు ఆ సౌలభ్యం లేదు.

4. ధర తక్కువ, సామర్థ్యం ఎక్కువ

2000 ప్రాంతంలో విపణిలో ఒక విచిత్రమైన పరిస్థితి ఏర్పడింది. పేరున్న సంస్థల ఖరీదైన ప్లేయర్లు నిబంధనలను కచ్చితంగా పాటించి తక్కువ రకాల డిస్కులను చదివాయి. చైనాలో తయారైన చవక ప్లేయర్లు డీవీడీతోపాటు వీసీడీ, ఇంట్లో రాసుకొన్న సీడీ, ఎంపీ3 పాటల డిస్క్‌లను కూడా చదివాయి. దీనికి ఉత్తమ ఉదాహరణ ఆ ఏడాది అమెరికాలో అమ్ముడైన అపెక్స్ ఏడీ-600ఏ. 200 డాలర్లకు లోపు ధర పలికిన ఈ యంత్రంలో ఒక రహస్య పట్టిక ఉండేది. దాని ద్వారా రీజియన్ నిర్బంధాన్ని, క్యాసెట్‌లోకి కాపీ చేయకుండా అడ్డుకొనే మాక్రోవిజన్ సంకేతాన్ని తొలగించుకోవచ్చు. సంగతి బయటపడిన తరువాత తయారైన యంత్రాల నుండి ఆ పట్టికను తీసివేశారు. అప్పటికే దానికి అడిగి కొనేవారు ఏర్పడ్డారు.

ఇదే కాలంలో వ్యతిరేక దిశలో సాగిన ప్రయోగం ఒకటి ఉంది. 1998లో అమెరికాలో ‘డివిక్స్’ పేరిట ఒక అద్దె పద్ధతి వచ్చింది. డిస్క్‌ను తక్కువ ధరకు కొంటే, తొలిసారి వేసినప్పటి నుండి 48 గంటలు మాత్రమే ఆడేది. మళ్లీ చూడాలంటే టెలిఫోన్ తీగతో కలిపిన ప్లేయర్ ద్వారా మళ్లీ రుసుము చెల్లించాలి. డిస్క్ చేతిలోనే ఉంటుంది; చూసే అనుమతి వేరొకరి చేతిలో ఉంటుంది. ఈ పద్ధతిని కొనుగోలుదారులు ఆదరించలేదు. 1999 జూన్‌లో అది మూతపడింది. అన్నీ చదివే యంత్రానికి లభించిన ఆదరణ, అనుమతి అడిగే యంత్రానికి ఎదురైన తిరస్కారం ఒకే అభిప్రాయాన్ని వ్యక్తం చేస్తున్నాయి.

5. తెలుగు ఇళ్లలో డీవీడీ ప్లేయర్

అమెరికా గృహస్థుడు వీడియో క్యాసెట్ నుండి నేరుగా డీవీడీకి మారాడు. తెలుగు గృహస్థునకు ఈ రెండింటి మధ్య వీసీడీ ఉంది. 1993లో ప్రమాణంగా రూపొందిన వీసీడీలో సుమారు 74 నిమిషాల బొమ్మ పడుతుంది. రెండున్నర గంటల తెలుగు సినిమాకు రెండు లేక మూడు డిస్కులు కావాలి. మూడు గంటలు దాటిన ‘మాయాబజార్’ వంటి చిత్రానికి మూడు తప్పవు. డీవీడీ కొనేనాటికి ఇంట్లో సినిమాల, పాటల, పెళ్లి వీడియోల వీసీడీలు పోగుపడి ఉన్నాయి. కాబట్టి కొత్త యంత్రాన్ని కొనేటప్పుడు దుకాణంలో అడిగిన మొదటి ప్రశ్న బొమ్మ ఎంత బాగుంటుందన్నది కాదు, పాత సీడీలు ఆడతాయా అన్నది. వీసీడీని, డీవీడీని, ఎంపీ3ని కలిపి ‘సీడీ’ అనే వ్యవహరించడం వాడుకలో స్థిరపడింది. తయారీదారులు వేరుచేసిన వాటిని వాడుకభాష ఒకటిగా కలిపింది.

ధరల మార్పు కూడా గమనించదగినది. ఖాళీ డిస్కుల తయారీలో పేరొందిన మోజర్ బేర్ సంస్థ 2007 నాటికి సినిమా వీసీడీలను 28 రూపాయలకు, డీవీడీలను 34 రూపాయలకు అమ్మసాగింది. రెండింటి మధ్య తేడా ఆరు రూపాయలకు చేరడంతో డీవీడీ విలాసవస్తువుగా మిగలలేదు. దొంగ డిస్కులతో ధరలో పోటీపడటమే ఈ వ్యూహం లక్ష్యం. తరువాతి నమూనాలకు పెన్‌డ్రైవ్ పెట్టుకొనే యూఎస్‌బీ ద్వారం చేరడంతో, డిస్క్ లేకుండానే సినిమా చూసే అలవాటు ఈ యంత్రం ద్వారానే మొదలైంది.

వాడకంలో దీనికి ప్రధాన శత్రువులు దుమ్ము, వోల్టేజీ హెచ్చుతగ్గులు. డిస్క్‌ను చదివే లెన్స్ మసకబారితే తెర మీద ‘నో డిస్క్’ అని కనిపించేది. మెకానిక్ లెన్స్ తుడిచేవాడు. ఫలితం లేకపోతే లెన్స్ బిగించి ఉండే భాగాన్నే మార్చేవాడు. పవర్ సప్లై బోర్డులో ఉబ్బిన కెపాసిటర్‌ను మార్చడం ఇంకొక నిత్యకృత్యం. చవక యంత్రాల లోపలి భాగాలు దాదాపు ఒకే తీరుగా ఉండటం వల్ల హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి విపణులలో దొరికే విడిభాగాలతో పేరు తెలియని యంత్రం కూడా మళ్లీ నడిచేది. రిమోట్‌లో ఏ అంకెలు నొక్కితే రీజియన్ నిర్బంధం తొలగుతుందో ఇటువంటి దుకాణాలలోనే తెలిసేది. ఈ జ్ఞానం ఏ సూచనల పుస్తకంలోను అచ్చుకాలేదు.

6. చట్టం చెప్పిన సమాధానం

డీవీడీలోని సమాచారాన్ని సీఎస్ఎస్ అనే గుప్తీకరణ కాపాడేది. 1999లో దానిని విప్పే డీసీఎస్ఎస్ ప్రోగ్రాము వెలువడింది. దానితో సంబంధమున్న నార్వే యువకుడు జాన్ లెక్ జోహాన్సెన్‌పై అక్కడ విచారణ జరిగింది. తాను కొన్న డీవీడీని తాను చూసుకోవడానికి గుప్తీకరణను విప్పడం నేరం కాదని నిర్ణయించి న్యాయస్థానం 2003 జనవరిలో అతనిని నిర్దోషిగా విడుదల చేసింది. అదే ఏడాది డిసెంబరులో పైకోర్టు ఆ తీర్పును సమర్థించింది. అమెరికాలో 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం సాంకేతిక రక్షణను ఛేదించడాన్నే నిషేధించింది.

భారతదేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012 సవరణ ద్వారా 65ఏ సెక్షన్ చేరేవరకు ఇటువంటి నిబంధన లేదు. ఆ సెక్షన్ కూడా హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణను ఛేదించినవారికే శిక్ష విధిస్తుంది. డీవీడీ ఇళ్లలో వెలిగిన కాలమంతా ఈ విషయంలో మన చట్టం మౌనంగా ఉంది. దొంగ డిస్క్ అమ్మడం అప్పుడూ నేరమే. కొడుకు న్యూజెర్సీలో కొన్న అసలు డిస్క్‌ను గుంటూరులో చూడటానికి తల్లి రిమోట్‌లో నాలుగు అంకెలు నొక్కడం నేరం కాదు. ఈ రెండింటినీ ‘పైరసీ’ అనే ఒక్క మాటతో కొట్టివేసే ధోరణి చరిత్రకారునికి తగదు.

7. సినిమా పరిశోధనకు గల సంబంధం

1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. అటువంటి వెడల్పు చిత్రాన్ని 4:3 నిష్పత్తి గల టీవీలో చూపాలంటే పక్కలను కత్తిరించాలి, లేదా పైనా కిందా నల్లని పట్టీలు వదలాలి. డిస్క్‌లో పూర్తి చట్రం ఉన్నా, ప్లేయర్ సెట్టింగు మారితే తెర మీద బొమ్మ సాగిపోవచ్చు, కుదించుకుపోవచ్చు. డీవీడీ ఆధారంగా దృశ్యనిర్మాణాన్ని విశ్లేషించిన పరిశోధకుడు ఏ డిస్క్‌ను, ఏ అమరికలో చూశాడన్నది కేవలం సాంకేతిక వివరం కాదు. అతని నిర్ధారణలకు అది పునాది.

మోజర్ బేర్ 2018లో దివాలా ప్రక్రియ చివర మూసివేత దశకు చేరింది. అమెరికాలో తపాలా ద్వారా డీవీడీలు అద్దెకిచ్చిన నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరులో ఆ సేవను ముగించింది. నేడు సినిమాను చూసే అనుమతి మళ్లీ వేరొకరి చేతిలోకి వెళ్లింది. 1999లో కొనుగోలుదారులు తిరస్కరించిన పద్ధతి ఇప్పుడు సర్వసాధారణమైంది. ప్రసార వేదికలో నిన్న ఉన్న చిత్రం నేడు ఉండకపోవచ్చు, నిడివి మారవచ్చు. అధ్యాపకుని బీరువాలోని డిస్క్ మాత్రం విడుదలైననాటి ప్రతిని అలాగే నిలుపుకొంటుంది. అయితే ఇంట్లో రాసిన డిస్కులలోని రంజకం కాలక్రమంలో క్షీణిస్తుంది, చదివే యంత్రాలు అరుదవుతున్నాయి.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

- డీవీడీ ప్లేయర్ ఏమి చదవాలన్న విషయంలో ప్రమాణాలను రూపొందించినవారి నిర్ణయాన్ని మధ్యశ్రేణి యంత్రాలు కొన్నవారు చాలావరకు మార్చగలిగారు.
- రీజియన్ విభజన తెలుగువారి వలస జీవితానికి సరిపడలేదు. దానిని దాటే అవసరం కుటుంబ సంబంధాల నుండి కూడా పుట్టింది.
- తెలుగు ఇళ్లలో ఈ యంత్రం విలువ బొమ్మ నాణ్యతకన్నా పాతదీ కొత్తదీ చదివే శక్తిలో ఉంది. మరమ్మతు దుకాణం ఆ శక్తిని నిలబెట్టింది.
- డిస్కులను భద్రపరచే గ్రంథాలయాలు, విశ్వవిద్యాలయ శాఖలు పనిచేసే ప్లేయర్లను కూడా భద్రపరచాలి. వాటిని వాడినవారి, బాగుచేసినవారి అనుభవాలను మౌఖిక చరిత్రగా నమోదు చేయాలి.

గుజరాతీ గల్లీలో లెన్స్ మార్చిన చేతులు ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాయి. ఆ చేతులకు గుర్తున్నది నమోదు కాకముందే మరుగున పడితే, తెలుగు ప్రేక్షకుడు ఇంట్లో సినిమా చూసిన తొలి రెండు దశాబ్దాల డిజిటల్ చరిత్రకు ప్రకటనలు, ధరల పట్టికలు మాత్రమే ఆధారాలుగా మిగులుతాయి.