టీవీ పెడితేనే ముద్ద దిగుతోందా? రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ వద్దే వద్దు!

టీవీ పెట్టందే పిల్లాడు అన్నం తినట్లేదా? రేపల్లె నుంచి హైదరాబాద్ దాకా చాలా ఇళ్లలో ఇదే సీన్. కానీ రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అమ్మమ్మ, తాతయ్యలతో అప్పుడప్పుడూ వీడియో కాల్‌కి మాత్రం మినహాయింపు ఉంది. 2 నుంచి 5 ఏళ్ల వాళ్లకైతే రోజుకు గంట మించకూడదు. ఫోన్‌కీ ఇదే లెక్క.

వీడియో కాల్‌కి ఓకే, టీవీకి నో ఎందుకు? అవతల బదులిచ్చే మనిషి ఉండటమే తేడా. పెనుమూడి దగ్గర కృష్ణలో పడవ చూసి బిడ్డ ‘‘పవ’’ అంటే, ‘‘అవున్రా, పడవ’’ అంటుంది అమ్మ. అలా మాట వస్తుంది. టీవీలో అదే పడవ కనిపించినా బిడ్డకు బదులు రాదు. పైగా టీవీ ఊరికే మోగుతున్నా పెద్దవాళ్లు పిల్లలతో మాట్లాడటం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. సీరియల్ టైమ్‌లో ఈ విషయం వేరే చెప్పాలా!

అలాగని టీవీ మొత్తం చెడ్డదేం కాదు. 1975-76లో ‘సైట్’ ప్రయోగం కింద ఉపగ్రహం ద్వారా పల్లెటూరి పిల్లలకు తెలుగులోనూ పాఠాలు ప్రసారం చేశారు. అయితే వాళ్లు బడికెళ్లే వయసువాళ్లు.

రెండేళ్లు నిండినా ‘‘అమ్మా, రా’’ లాంటి రెండు మాటలు కలపలేకపోతే టీవీ కట్టేసి ఊరుకోవద్దు. పిల్లల డాక్టర్‌కి చూపించి, వినికిడి పరీక్ష కూడా చేయించాలి.