ఎవరికి తూర్పు?

కొత్తగా చేరిన విద్యార్థులకు త్రోవ చూపే తొలి పాఠాలను ఇంగ్లీషులో 'ఓరియెంటేషన్' అంటారు. అక్షరార్థం తీస్తే 'తూర్పునకు తిప్పడం' అని తేలుతుంది. లాటిను 'ఓరియెన్స్' అంటే ఉదయించేది. ఆ మీదట సూర్యుడుదయించే దిక్కు. మధ్యయుగపు ఐరోపా పటాలు పెక్కింటిలో తూర్పే పైభాగాన ఉండేది. 1300 ప్రాంతంలో గీసిన హెరిఫర్డు పటంలో నేటికీ దానిని చూడవచ్చును.

సంస్కృతానికి ఈ భావం పరాయిది కాదు. 'పూర్వ' మనగా ముందరిది, 'పశ్చిమ' మనగా వెనుకటిది, 'దక్షిణ' మనగా కుడిచేతి వైపు. ఉదయసూర్యునికి అభిముఖంగా నిలిచిన మనిషి ఈ మాటలలో ఉన్నాడు. ఇంగ్లీషు 'ఈస్టు', మన 'ఉషస్సు' తోబుట్టువులే. ద్రావిడ భాషల తీరు వేరు. తెలుగు 'పడమర'లో ప్రొద్దు పడడం వినిపిస్తుంది. తమిళంలో తూర్పు పల్లపు దిక్కు, పడమర ఎత్తు దిక్కు. కనుమల నుండి కడలికి వాలిన నేలను చూచి పెట్టిన పేర్లవి.

'లెర్న్' అనే మాటకూ త్రోవతోనే చుట్టరికం. దాని మూలధాతువుకు జాడ, నాగటిచాలు అని అర్థం. జాడ పట్టి నడవడమే నేర్వడం. ఆ ధాతువు నుండే లాటినులో చాలుకు 'లీరా' అని పేరు వచ్చినది. చాలు తప్పడం 'డెలీరియం', అనగా మతి చలించడం. మన రైతుకు దీనిని వివరించనక్కరలేదు. హిందీ 'సీఖ్‌నా' వేరొక దారిన, 'శిక్ష' నుండి వచ్చినది. చేయగలగాలనే కోరిక దాని మూలార్థం. హిందీలో 'శిక్షా' నేటికీ చదువే. తెలుగులో 'శిక్ష' దండన. అనువాదకునికి ఇది నిత్యగండం!

దిక్కుల మాట, చదువుల మాట కలకత్తాలో కలిసినవి. ప్రభుత్వ ధనాన్ని సంస్కృత, అరబ్బీ విద్యలకు వెచ్చించాలన్నవారిని 'ఓరియెంటలిస్టులు' అన్నారు. 1835 ఫిబ్రవరి 2న మెకాలే వారికి ప్రతికూలంగా తన నివేదిక వ్రాసినాడు; మార్చి 7న బెంటింకు ప్రభుత్వం ఇంగ్లీషు విద్య పక్షాన తీర్మానించినది. ఓడిన పక్షపు పేరు మాత్రం మనకు మిగిలినది. సంస్కృతమూ తెలుగూ చెప్పే కళాశాలలు 'ఓరియెంటల్' అయినవి. దానిని మనం 'ప్రాచ్య' అని అనువదించుకొన్నాము.

మాటకు మాట సరిపోయినది. కాని పూర్వం ప్రాచ్యులంటే ఈ దేశంలోనే తూర్పు ప్రాంతపు వారు. పాటలీపుత్రం రాజధానిగా గల ప్రజలను మెగస్తనీసు 'ప్రాసియోయి' అన్నది ఈ మాటనే. వాయవ్యాన నిలిచినవారికి మగధ తూర్పు కావడం సహజం. తిరుపతిలో కూర్చుండి తెలుగు చదివేవాడు ఆ చదువును 'ప్రాచ్యం' అన్నప్పుడు మాత్రం అతడు లండనులో నిలిచి మాటాడుతున్నాడు.