బొంతకు అస్తరు

బొంత అనగానే మన కళ్ళకు కట్టేది దాని పైముఖమే: రంగురంగుల పేలికలు, అతుకులు, కుట్టు వరుసలు. బొంతకు రెండో ముఖం ఒకటుంది. అది పరుపుకేసో, కప్పుకున్న మనిషి ఒంటికేసో తిరిగి ఉంటుంది గనుక దాన్ని పరికించేవారు తక్కువ. మన ఇళ్ళలో బొంత కుట్టేటప్పుడు పాత చీరలలో మెత్తనివి ఏరి పైకీ కిందికీ వేసి, చిరుగులు పట్టినవాటిని నడుమ పరచడం పరిపాటి. రెండు ముఖాలదీ ఒకే జాతి గుడ్డ కావడంతో అడుగు పొరను విడిగా ఎంచవలసిన అవసరం మనకు అంతగా కలగలేదు.

అమెరికాలో క్విల్ట్ అనబడే బొంత తీరు వేరు. దానికి మూడు వేర్వేరు పొరలు: ముక్కలు కూర్చిన పైగుడ్డ, నడుమ దూది, అడుగున అస్తరు. పైగుడ్డ నమూనాల చరిత్రపై గ్రంథాలు చాలానే వెలువడ్డాయి. నాకు మాత్రం అస్తరు చరిత్రే ఎక్కువ ఆసక్తికరంగా తోస్తుంది. పైగుడ్డలో ఆ ఇల్లాలి కోరిక కనిపిస్తుంది. అస్తరులో ఆ ఇంటి స్థితి కనిపిస్తుంది.

అస్తరుకు కావలసిన లక్షణాలు కొన్ని ఉన్నాయి. కుట్టేకొద్దీ పొరలు లోపలికి లాక్కుంటాయి గనుక, అది పైగుడ్డ కంటే నాలుగు వైపులా కొన్ని అంగుళాలు ఎక్కువ ఉండాలి. మూడు పొరలలోంచి దిగిన సూది మళ్ళీ పైకి రావాలి గనుక, నేత మరీ బిగువుగా ఉండరాదు. కొత్త నూలుగుడ్డ ఉతికితే ముడుచుకుపోతుంది, కాబట్టి ముందే తడిపి ఆరవేయాలి. ఒంటికి తగిలేది గనుక మెత్తగా ఉండాలి. పరుపంత గుడ్డ ఒక్కసారిగా కావాలి గనుక, చవకగానూ దొరకాలి. ఈ చివరి షరతే మిగిలిన అన్నిటినీ శాసించింది.

తొలినాళ్ళలో ఇంట వడికి నేసిన నారగుడ్డ, ఉన్నిగుడ్డ అస్తరుగా వాడేవారు. 1793లో ఎలీ విట్నీ పత్తిగింజను దూది నుండి వేరుచేసే జిన్ను యంత్రాన్ని రూపొందించాడు. 1820లలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని లోవెల్‌లో పెద్ద నూలు మిల్లులు వెలిశాయి. చలువ చేయని ముతక నూలుగుడ్డ గజాల లెక్కన చవకగా అంగళ్ళకు చేరి, ఉత్తరాది బొంతలకు అస్తరయింది. అయితే ఆ పత్తిని పండించినవారు దక్షిణాది తోటలలోని బానిసలు. మిల్లులు నేసిన ముతకగుడ్డలో కొంత మళ్ళీ దక్షిణాదికే వెళ్ళి ఆ బానిసలకే కట్టుబట్టయింది. అటువంటి గుడ్డకు అక్కడ లోవెల్ అన్న పేరే స్థిరపడింది. ఇది గ్రహించి, బానిసలు పండించిన సరుకు కొనరాదని క్వేకర్లు కొందరు ఉద్యమించారు గానీ, వారు కోరిన గుడ్డ దొరకడమూ కష్టమే, దాని ధరా ఎక్కువే. బానిసత్వాన్ని మనసారా ఏవగించుకున్నవారి పడక మీద కూడా ఆ పత్తి తప్పించుకోవడం సులభం కాలేదన్నమాట.

తరువాతి అధ్యాయం సంచులది. 1846లో ఎలియాస్ హోవే కుట్టుయంత్రానికి పేటెంటు పొందాడు. గట్టి కుట్టు యంత్రం మీద సాధ్యం కావడంతో, అంతవరకు పీపాలలో వచ్చే పిండి, పంచదార, పశువుల దాణా క్రమంగా నూలు సంచులలోకి మారాయి. ఆ సంచి మూతికి గొలుసు కుట్టు ఉండేది. సరైన దారం కొస పట్టి లాగితే కుట్టంతా ఒక్క ఊపున ఊడివచ్చేది. ఆ దారాన్ని కూడా ఉండచుట్టి దాచుకుని బొంత కుట్టడానికి వాడేవారు. వంద పౌన్ల దాణా సంచిని విప్పితే సుమారు 36 అంగుళాల వెడల్పు, 44 అంగుళాల పొడవు గల గుడ్డ వచ్చేది. అటువంటివి నాలుగు కలిపితే ఒక బొంతకు అస్తరు సిద్ధం. మిల్లు ముద్ర వదిలించడమే కష్టం. కిరసనాయిలో పందికొవ్వో పట్టించి రాత్రంతా ఉంచి, సబ్బునీళ్ళలో ఉతికేవారు. ఎంత ఉతికినా అక్షరాల నీడ కొంత మిగిలేది. అది అడుగు ముఖమే గదా అని సర్దుకునేవారు.

1920ల మధ్యలో సెయింట్ లూయీ నగరపు పిండిమిల్లు ఒకటి గళ్ళగుడ్డ సంచులలో గింగ్‌హామ్ గర్ల్ అనే పేరుతో పిండి అమ్మడం మొదలుపెట్టింది. ఆర్థిక మాంద్యం నాటికి పూల సంచుల కోసం మిల్లులు పోటీపడ్డాయి. ఏ పువ్వు సంచి తేవాలో భర్తకు చెప్పి పంపే గృహిణులుండేవారు. పూల గుడ్డ గౌనులకూ పైగుడ్డకూ పోయేది, సాదా గుడ్డ అస్తరుకు మిగిలేది. రెండో ప్రపంచయుద్ధం తరువాత కాగితం, ప్లాస్టిక్ సంచులు వచ్చి, 1960ల నాటికి ఈ కథ దాదాపు ముగిసింది.

ఇదంతా పొదుపు ముచ్చటగా చెప్పుకోవడం తేలిక. అలబామా రాష్ట్రంలో నది మలుపున ఉన్న జీస్ బెండ్ అనే నల్లజాతి పల్లె గురించి తెలిస్తే ఆ తేలికదనం నిలవదు. బానిసల సంతతి వారు అదే తోట భూమిలో కౌలుదార్లుగా మిగిలిన ఊరది. 1932లో, చనిపోయిన ఒక వర్తకుడి బాకీల కింద వారి పశువులను, పనిముట్లను, నిలవ ధాన్యాన్ని తరలించుకుపోయారు. ఆ ఊరి ఆడవాళ్ళు తెగిన పనిబట్టలతోనూ, పిండి, ఎరువుల సంచులతోనూ పిల్లలకు బొంతలు కుట్టారు. 1942లో మిసూరి పెట్‌వే అనే ఆమె, మరణించిన భర్త పొలంలో తొడిగిన బట్టలను చించి ఒక బొంత కుట్టింది. ఆయనను తలచుకుంటూ కప్పుకోవడానికే అమ్మ దాన్ని కుట్టిందని కూతురు తరువాత చెప్పింది. అందులో వాడిన సరుకు: నూలుగుడ్డ, కార్డురాయ్, నూలు సంచిగుడ్డ.

2002లో జీస్ బెండ్ బొంతలు హ్యూస్టన్‌లోనూ, ఆపై న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోనూ ప్రదర్శనకెక్కాయి. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వెలువడ్డాయి. ఆ గౌరవం న్యాయమైనదే. కాకపోతే గోడకు వేలాడదీసినప్పుడు బొంత పైముఖం చూపరులకేసి, అస్తరు గోడకేసి తిరుగుతుంది. చలిలో పిల్లల ఒంటికి ఆనిన ముఖం, ఆ ఇంటికి ఏ సరుకు ఏ సంచిలో వచ్చిందో తెలిపే ముఖం, మళ్ళీ మరుగునే ఉండిపోతుంది.

మిత్రులారా, మీ ఇంటి అటక మీద పాత బొంత ఏదైనా ఉంటే ఒకసారి కిందికి దించి, తిరగేసి చూడండి. ఆ చీర ఎవరిదో చెప్పగల పెద్దలు ఇంకా ఇంట్లో ఉంటే, అడిగి రాసిపెట్టుకోండి.