ఎర్రముక్కపల్లెలో బ్రౌను బంగళా

బట్టలకూ బంగారానికీ మన ప్రొద్దుటూరు ఉండనే ఉంది గాని, కోర్టు పనిమీదనో, ఆసుపత్రికనో జమ్మలమడుగు వాళ్ళకూ, పులివెందుల వాళ్ళకూ కడపకు పోక తప్పదు. ఈసారి పోయినప్పుడు ఎర్రముక్కపల్లెలో ఒక్క గంట ఆగండి. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారి బంగళా ఉండిన చోటు అది.

1798లో కలకత్తాలో పుట్టిన బ్రౌను, కంపెనీ ఉద్యోగిగా 1820లో కడపకు వచ్చారు. మరుసటి ఏడే పిల్లలకు ఉచితంగా బడి పెట్టించారు. బదిలీల మీద తిరిగి తిరిగి 1826లో మళ్ళీ వచ్చినప్పుడు, 15 ఎకరాల స్థలంలో బంగళా కొన్నారు. దొరలు బంగళాలు కొనడం వింతేమీ కాదు. ఈయన దాన్ని పండితులకు పనిచోటు చేశారు. వ్యవహారాలు అయోధ్యాపురం కృష్ణారెడ్డి గారు చూసేవారు. ఖర్చంతా దొరగారి సొంత డబ్బు, చాలకపోతే అప్పు.

అక్కడ జరిగిన పని ఏమిటంటారా? ఒకే పెళ్ళిపాటను పుట్టింట్లో ఒక రకంగా, అత్తగారింట్లో ఇంకో రకంగా పాడతారు గదా! కావ్యాలూ అంతే. తాటాకు ప్రతి చూసి ఇంకొకరు రాసుకునేటప్పుడు ఒకచోట అక్షరం జారుతుంది, ఒకచోట పద్యమే ఎగిరిపోతుంది. అందుకని ఒకే గ్రంథానికి వేర్వేరు ప్రతులు తెప్పించి, పోల్చి చూసి, శుద్ధప్రతి రాయించేవారు. (ఆ పండితుల ఇళ్ళలో పొయ్యి వెలిగించిన ఇల్లాళ్ళ సంగతి ఎవరు రాసిపెడతారు లెండి!)

1884లో బ్రౌను లండనులో కన్నుమూశారు. ఆయన నిఘంటువు నిలిచింది గాని, బంగళా నిలవలేదు. చివరకు మొండిగోడలు మిగిలాయి. అప్పుడు కడపలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి, చందాలు పోగుచేసి, అక్కడే బ్రౌను పేర గ్రంథాలయం కట్టించారు. 1987లో శంకుస్థాపన జరిగింది. గోడలు నిలబెట్టి తాళం వేసుకోవడంకన్నా ఇదే నయమని నాకనిపిస్తుంది. అయినా, పండితులు కూర్చున్న వసారా ఒక్కటైనా మిగిలి ఉంటే ఎంత బాగుండేది!

2006లో ఆ గ్రంథాలయం యోగి వేమన విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చువేయించింది బ్రౌనే మరి!

సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు అటకమీద తాటాకుల కట్ట కనిపిస్తే పొయ్యిలో వేయకండమ్మా. ముందు అక్కడికి తీసుకుపోయి చూపించండి.