దివిసీమ నుంచి మండలం దాకా

భిలాయి స్మృతి నగర్‌లో ఇంటి గోడకున్న క్యాలెండర్‌లో నవంబరు పేజీ తిప్పగానే మా అమ్మ 19వ తేదీకి పసుపుబొట్టు పెడుతుంది. 1977లో అదే తేదీన కృష్ణా తీరంలోని దివిసీమ మీద ఉప్పెన పడింది. కొన్నిచోట్ల మూడు తాటిచెట్ల ఎత్తున సముద్రం లేచిందని పెద్దలు చెబుతారు. పదివేల మంది పోయారని ప్రభుత్వ లెక్క. సొర్లగొంది ఊరే తుడిచిపెట్టుకుపోయింది.

తుపాను వస్తోందని రేడియో చెప్పింది. కానీ ఊరిని కదిలించే మనిషి ఎవరు? మునసబు, కరణం ఉన్నారు, కానీ వాహనాలు లేవు, పక్కా భవనం లేదు, తాలూకా కచేరీ దూరం. ఆ లోటే నాకు గాలి కంటే పెద్ద కారణంగా కనిపిస్తుంది.

తర్వాత తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి. 1984లో వంశపారంపర్య మునసబు, కరణాల పదవులు రద్దయ్యాయి. 1985లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం తాలూకాలను చీల్చి వెయ్యికి పైగా మండలాలు చేసింది. ఉద్దేశం వేరు కావచ్చు, ఫలితం మాత్రం తీరానికి దక్కింది: దివిసీమలోని నాగాయలంకకు, కోడూరుకు సొంత మండల కార్యాలయం వచ్చింది.

1990 మే 9న మరో బలమైన తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తాకింది. ఈసారి ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు. చనిపోయినవారు వెయ్యి లోపు. పొలాలు, పశువులు అప్పుడూ పోయాయి, ఆ బాధ మిగిలే ఉంది. కానీ చాలామంది మనుషులు బతికారు. మా మేనత్త కుటుంబం ఆ రాత్రి బడి మేడ మీద ఉంది.